కోర్చుల రేవులో బుధవారం

"తలుపెయ్యి. అతిథులు వింటారు," అంది వింక.

"విననీ. వాళ్ళకి మన మాట తెలిస్తే గదా!" అంది లూచె. అయినా తలుపు వేసింది.

ఓడ వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. విస్ రేవు దాటి గంటయింది. పైన ముప్ఫై నలుగురు జర్మన్లు ఎండలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. కింద పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతున్నాయి. ఇరవయ్యేళ్ళ జీవితంలో పిన్ని ఉల్లిపాయలు మాడ్చడం లూచె ఎన్నడూ చూడలేదు.

"పిన్నీ, ఉల్లిపాయలు."

"తెలుసు."

తెలిసినా గరిటె కదపలేదు వింక. లూచె చెయ్యి చాచి మంట తగ్గించింది. నిన్న సాయంత్రం నుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నవి ఈ నాలుగు మాటలే.

నిన్న సాయంత్రం విస్‌లో రొట్టెల కొట్టావిడ వింక చేతులు రెండూ పట్టుకుంది. "మీ బావగారి పేరూ, ఆ గైడు రూజ పేరూ మొన్న ఆదివారం కోర్చుల చర్చిలో చదివారటగా! పై శనివారం పెళ్ళంటే నీకిక ఊపిరాడదు పాపం. శుభం తల్లీ, శుభం!" అంది. వింక రొట్టెల బుట్ట గుండెలకి హత్తుకుని "అవును, శుభం" అంది. ఆ కొట్టు నుంచి ఓడ దాకా ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఎప్పట్నించి?" అని అడిగింది ఇప్పుడు.

"వేసవి మొదట్నించీ."

"ఎవరెవరికి తెలుసు?"

లూచె కప్పులు తుడవడం మొదలుపెట్టింది. అవి ఇందాకే తుడిచిన కప్పులు.

"నిన్నే అడుగుతున్నా. ఇంజను దగ్గరుండే ష్పిరోకి తెలుసా?"

"తెలుసు."

"గదులు సర్దే పిల్లకి?"

"తెలుసు పిన్నీ."

"బాగుంది. ఈ ఓడలో లంగరుకి కూడా తెలిసే ఉంటుంది. పొయ్యి దగ్గర చచ్చేదానికి తప్ప!"

"నాన్నే చెప్తానన్నాడు. ఈ వారం, పై వారం అంటూ..."

"ప్రతి బుధవారం కోర్చులలో దిగగానే మీ నాన్న ఏమనేవాడు? 'ఆ గైడు పొద్దున్నుంచీ ఎండలో తిరుగుతోంది వింకా, ఏదైనా ఉంటే కట్టియ్యి' అనేవాడు. నేను కట్టాను. మిరపకాయల్లో మాంసం కూరి, పులుసు విడిగా గిన్నెలో పోసి, ఒలక్కుండా గుడ్డ చుట్టి మరీ ఇచ్చాను. రెండు బుధవారాలు ఆ మూట నువ్వే పట్టుకెళ్ళావు. గుర్తుందా?"

లూచె తల వంచుకుంది.

"పట్టుకెళ్ళి తిరిగొచ్చి, 'ఆవిడకి చాలా నచ్చాయి పిన్నీ' అన్నావు. అన్నావా లేదా?"

తలుపు మీద ఎవరో తట్టారు. నవ్వుతూ ఓ ముసలావిడ తల లోపలికి పెట్టింది. మూడేళ్ళుగా ప్రతి సెప్టెంబరులోనూ ఈ ఓడే ఎక్కే టీచరమ్మ. టీకి కాస్త వేడినీళ్ళు కావాలట. ఆ క్షణంలోనే వింక మొహం మారిపోయింది. నవ్వుతూ ఆవిడ భాషలోనే పలకరించి, నీళ్ళు పోసి, మూడు గంటలకల్లా కోర్చులలో ఉంటామని చెప్పి, మెట్టు జాగ్రత్త అని కూడా అంది. ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే నవ్వూ మూసుకుపోయింది.

"నువ్వే వద్దన్నావుగా పిన్నీ," అంది లూచె నెమ్మదిగా.

"ఏమిటి?"

"పదకొండేళ్ళ కిందట మన వంటింట్లో నాన్న నిన్ను అడిగాడు. అప్పుడు నేను బల్ల కింద ఉన్నా, పిల్లిపిల్లని ఒళ్ళో పెట్టుకుని. మీరెవరూ నన్ను చూడలేదు." లూచె చేతిలో కప్పు కింద పెట్టింది. "నువ్వు సరే అనాలని కళ్ళు గట్టిగా మూసుకుని ముప్ఫై దాకా అంకెలు చదివాను. నువ్వనలేదు. నాన్న టోపీ తీసుకుని బయటికెళ్ళిపోయాడు. ఆ రోజు నీమీద ఎంత కోపమొచ్చిందో తెలుసా? ఇప్పటికీ పోలేదు."

వింక పొయ్యి ఆర్పేసింది.

"నేను వద్దనలేదే. ఇప్పుడు కాదు, పిల్ల పెద్దదయ్యాక అన్నాను."

"తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ రెంటికీ తేడా ఏం తెలుస్తుంది? నాన్నకే తెలిసినట్టు లేదు!"

వింక గరిటె పక్కన పెట్టింది. ఊరి మాటలు పిల్లకి ఏమని చెప్పగలదు? అక్క దోబ్రిల మంచాన పడినప్పుడు సేవ చెయ్యడానికి వచ్చింది తను. అక్క పోయిన నలభయ్యో రోజున చర్చి మెట్ల మీద నల్లబట్టల ఆడవాళ్ళు తనకి వినబడేలాగే అన్నారు: "అక్కకి సేవ చెయ్యడానికొచ్చిందా, అక్క చోటుకొచ్చిందా?" ఆ మాట లూచె చెవిన పడకూడదని, పిల్ల తలెత్తుకు తిరగాలని ఆగింది. ఇన్నేళ్ళూ ఆ ఆగడాన్నే కాపురం అనుకుని బతికింది.

"ఉల్లిపాయలు పారబోసి మళ్ళీ తరుగు," అని చెప్పి పైకి వెళ్ళింది.

చుక్కాని గదికి వింక ఎప్పుడు వెళ్ళినా చేతిలో కాఫీ ఉండేది. ఇవాళ ఒట్టి చేతులతో వెళ్ళింది.

బావ ఫ్రానె వెనక్కి తిరగలేదు. యాభై నాలుగేళ్ళ మనిషి, మెడ వెనక ఎండకి కాలి చెక్కులు కట్టింది. ఎడమవైపు హ్వార్ దీవి కొండలు నీలంగా జరిగిపోతున్నాయి.

"కాఫీ తేలేదేం?"

"తేలేదు."

అతను చుక్కాని కాస్త సర్దాడు.

"రొట్టెలావిడ చెప్పిందటగా. ష్పిరో అన్నాడు."

"అవును. శుభం కూడా అంది."

"నేనే చెప్దామనుకున్నా వింకా."

"ఎప్పుడు బావా? బిడ్డ బాప్తిజానికా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. తుఫానులో ఓడని తేలిగ్గా తిప్పే చేతులు చుక్కాని చక్రం మీద ఊరికే అటూ ఇటూ జరిగాయి.

"నీకు చెప్పాలంటే భయమేసింది," అన్నాడు చివరికి.

"నేనంటే భయమా? నీ చొక్కాలు ఉతికేదాన్ని చూసి?"

"అందుకే."

వింక తలుపుకి ఆనుకుంది. ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదనిపించింది ఆమెకి.

"ఒక్కటి చెప్పు. అప్పుడు నేను వద్దనలేదు. పిల్ల పెద్దదవనీ అన్నాను. మళ్ళీ ఎందుకు అడగలేదు?"

ఫ్రానె మొదటిసారి తిరిగి ఆమెని చూశాడు. ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

"అడిగానుగా!"

"ఎప్పుడు?"

"మూడేళ్ళయ్యాక. మనూళ్ళో సెయింట్ రోకో పండగ నాడు. బ్యాండు వాయిస్తోంది. నీ దగ్గరికొచ్చి డాన్సుకి రమ్మన్నాను."

వింకకి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. రేవు గట్టు మీద దీపాలు, వేగిన చేపల వాసన, బెంచీ మీద వరసగా కూర్చున్న ఆ నల్లబట్టల ఆడవాళ్ళు. "గిన్నెలు తోముకోవాలి అన్నాను," అంది మెల్లగా.

"అవును. గిన్నెలన్నావు."

"అది అడగడమా బావా?"

"నాకు చేతనైంది అంతే. తెల్ల చొక్కా వేసుకుని, ఊరంతా చూస్తుండగా చౌకు దాటి నీ దగ్గరికి నడిచొచ్చాను. అంతకన్నా ఎలా అడుగుతారో నాకు తెలీదు. వద్దందిలే అనుకున్నా. రెండుసార్లు కాదన్న ఆడదాన్ని మూడోసారి అడిగితే మర్యాద కాదనుకున్నా."

ఆ చొక్కా ఇస్త్రీ చేసింది తనే. ఆ సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఫ్రానె మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. మనిషి మంచివాడే. మంచితనంతోనే ఆ తర్వాతి మాట అన్నాడు.

"నీకే లోటూ రాదు వింకా. వంటగది నీదే. ఇంట్లో నీ గది నీదే. రూజ కూడా అదే అంది. ఏమీ మారదు."

వింక ఆ మాటని విని నిలబడిపోయింది. అతను కావాలని పొడిచి ఉంటే తిరగబడేది. ఓదార్చబోయే మనిషిని ఏమనగలదు?

"ఏమీ మారదు," అని తనూ అంది.

"అవును."

"నేను రేవులో గుంజనా బావా? మీరు వస్తూ పోతూ తాడు కట్టుకోవడానికి?"

ఫ్రానె ఏదో అనబోయాడు. అంతలో రేడియో గరగరలాడింది. కోర్చుల రేవు వాళ్ళు, ఎన్నో గట్టుకి రావాలో చెబుతున్నారు. అతను మైకు అందుకుని సరే సరే అంటూ అంకెలు రాసుకున్నాడు. రాసుకుని తిరిగి చూసేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు.

మూడింటికి ఓడ గట్టుకి చేరింది. అతిథులు టోపీలు సర్దుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. గట్టు మీద రూజ పసుపు జెండా పట్టుకుని ఎదురుచూస్తోంది. నలభై అయిదేళ్ళుంటాయి. నెరిసిన జుట్టుకి రంగు వేసుకోదు. వంటగది కిటికీలోంచి వింక ఆమెని వేసవంతా చూసింది. మంచి మనిషిలా ఉంది, గొంతు కంచులా ఉంది, అనుకునేది.

ఇవాళ రూజ అతిథులతో కోట గుమ్మం వైపు వెళ్ళలేదు. ఐస్‌క్రీం కొట్టు చూపించి అరగంటలో వస్తానని చెప్పి ఓడెక్కింది. తిన్నగా వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

వింక బ్రుదెత్ పులుసు కోసం చేపలు ముక్కలు కోస్తోంది. తలెత్తలేదు.

"కూర్చోమనడానికి ఇక్కడ చోటు లేదు."

"నిలబడతాను," అంది రూజ. "లూచె ఇందాక ఫోన్ చేసింది. మీకు నిన్నటిదాకా తెలీదని... నాకు ఇవాళే తెలిసింది. నమ్ముతారా?"

"నమ్మకపోతే ఏం చేస్తారు?"

రూజ జెండాని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"ఆయన మొదటిసారి మూట తెచ్చినప్పుడు 'వింక పంపింది' అన్నాడు. నేను తినలేదు. పక్కింటావిడకి ఇచ్చేశాను. రెండోసారి చూస్తే, గుడ్డలో చెంచా కూడా ఉంది. చెంచా పెట్టిన మనిషి మనసులో విషం ఉండదనుకున్నాను. మీకు ఇష్టమేనని, మీరే పంపుతున్నారని... ఆ రోజే ఆయనకి సరేనన్నాను."

వింక నవ్వింది. తన నవ్వు తనకే వికారంగా వినిపించింది.

"నేను చెంచా అందరికీ పెడతానమ్మా. రైలెక్కే వాళ్ళకీ పెడతాను."

"అక్కా," అంది రూజ. ఆ పిలుపు ఆమె నోట అనుకోకుండా వచ్చింది. "నేను ఒకసారి భర్తని పోగొట్టుకున్నదాన్ని. ఇంకొకరి చోటు లాక్కుని కూర్చోలేను. మీరొక్క మాట చెప్పండి. పై శనివారం నేను చర్చికి రాను. ఆయనకేం చెప్పాలో నేను చూసుకుంటాను."

కత్తి ఆగింది.

పొద్దుట నుంచీ వింక ఎదురుచూస్తున్న మాట అదే. తను అడగకుండానే, ఎదుటి మనిషి తనంతట తానే తెచ్చి చేతిలో పెట్టింది. 'వద్దు' అంటే చాలు. ఫ్రానె నాలుగు రోజులు మొహం ముడుచుకుంటాడు. చలికాలం వస్తుంది. ఓడ లాగి ఒడ్డున పెడతారు. మళ్ళీ ఇంట్లో ముగ్గురే.

"మీ దగ్గర ఆయన మాట్లాడతాడా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"మాట్లాడతాడు."

"దేని గురించి?"

రూజ మళ్ళీ జెండా విప్పింది. చెప్పాలా వద్దా అని ఆమె కళ్ళలో తెలుస్తూనే ఉంది.

"ఎక్కువగా మీ అక్కగారి గురించి."

వింక చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. అక్క పోయాక ఆ ఇంట్లో ఫ్రానె నోట దోబ్రిల పేరు తను వినలేదు. ఓడకి ఆ పేరు పెట్టుకున్నాడు. 'దోబ్రిల లంగరేసింది', 'దోబ్రిలకి రంగెయ్యాలి' అనడం తప్ప అక్క గురించి ఒక్క మాట లేదు.

"ఏం చెప్తాడు?"

"ఆఖరి నెలలో ఆవిడ తనని పిలుస్తుంటే ఇంటికి రావడానికి భయమేసి, ఓడ మరమ్మతు వంక పెట్టుకుని రేవులోనే ఉండిపోయాడట. ఆవిడ నీళ్ళడిగితే మీరిచ్చారట. 'ఆ నీళ్ళు నేనివ్వాల్సింది' అంటాడు. అంటూ ఏడుస్తాడు."

ఏడుస్తాడు! శవపేటిక దించుతున్నప్పుడు కూడా కన్ను తడవని మనిషి ఈమె దగ్గర ఏడుస్తాడు.

"వింకకి చెప్పుకోకూడదా, ఆవిడకే కదా అంతా తెలుసు అన్నాను ఒకసారి," అంది రూజ గొంతు తగ్గించి. "'వింక తలెత్తి చూస్తే దోబ్రిల చూస్తున్నట్టే ఉంటుంది, ఆ కళ్ళ ముందు నాకు నోరు రాదు' అన్నాడు."

గట్టు మీద ఎవరో పిల్లని కేకేస్తున్నారు. వింక కత్తి కడిగింది. తుడిచింది. మళ్ళీ కడిగింది.

పదకొండేళ్ళూ తను అతని ఎదురుగా ఉండటమే అతనికి తోడనుకుంది. తనని చూసినప్పుడల్లా అతను తల దించుకుంటూ బతికాడా?

"శనివారం ఎన్నింటికి?" అంది.

"పదకొండింటికి."

"వెళ్ళండి. మీ వాళ్ళు ఎండలో నిలబడ్డారు. ముసలివాళ్ళు, కళ్ళు తిరుగుతాయి."

"మీరు చెప్పలేదు."

"చర్చికి కూడా వెళ్ళండి. నేను రాను. నన్ను రమ్మని ఆయన్ని మాత్రం పంపకండి."

రూజ ముందుకొచ్చి ఆమెని హత్తుకోబోయింది. ఆ ఇరుకులో చేతులు చాచే వీల్లేక, చొక్కా చెయ్యి ఒక్కటి పట్టుకుని వదిలేసింది. తర్వాత చాలాసేపటిదాకా కోట గోడల మధ్య నుంచి ఆమె కంచు గొంతు వినబడుతూనే ఉంది. రెండు మూడు చోట్ల మాత్రం ఆగి ఆగి వచ్చింది.

సాయంత్రం ఆరింటికి లూచె కిందికి వచ్చేసరికి వింక నీలం కోటు తొడుక్కుని ఉంది. కాళ్ళ దగ్గర చిన్న సంచి. పొయ్యి మీద పెద్ద గిన్నె సన్నమంట మీద కుతకుతలాడుతోంది.

"బ్రుదెత్ ఏడింటికి దించు. గరిటె పెట్టావంటే చేపలు చితికిపోతాయి. గిన్నె రెండు చెవులూ పట్టుకుని ఊపు, అంతే. మొక్కజొన్న పొలెంటా ఉడికింది, మూత పెట్టాను."

"ఎక్కడికి?"

"ఎదురొడ్డుకి, ఒరెబిచ్‌కి. ఆరున్నర పడవకి. పెరీన ఉందిగా అక్కడ, నా చిన్ననాటి స్నేహితురాలు."

"ఎన్ని రోజులు?"

వింక కోటు బొత్తాలు పెట్టుకుంది.

"పిన్నీ, నేనంటే కోపమా?"

"నీమీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదే. చేతనైతే బాగుండేది."

"పొద్దున్న నేనన్న మాటలు..."

"నిజమే అన్నావు. ఇంకో పదేళ్ళ ముందు అనుండాల్సింది."

"నాన్న నీళ్ళు పట్టించడానికి అటు చివరికెళ్ళాడు. వచ్చాక చెప్పి వెళ్ళు. పిన్నీ, చెప్పకుండా ఎలా వెళ్తావు?"

"ఈ ఓడలో అందరూ అలాగేగా చేశారు," అంది వింక. ఆ మాట అనేశాక తనకే కష్టమనిపించి, లూచె చెంప మీద అతుక్కున్న వెంట్రుక తీసి చెవి వెనక్కి తోసింది. "పైకెళ్ళు. బల్లలు సర్దు. రొట్టె కోసి పెట్టాను."

గట్టు మీద ష్పిరో మడతకుర్చీలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. సంచి చూసి లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. ఆ ముసలాడు టోపీ తియ్యడం చూసి వింక అడుగు వేగం పెంచింది.

ఒరెబిచ్ పడవ చిన్నది. నలుగురు కూలివాళ్ళు, కూరల బుట్టతో ఒక ముసలమ్మ, ఓ సైకిలు. వింక వెనక బల్ల మీద కూర్చుంది. పడవవాడు తాడు విప్పి లోపలికి విసిరాడు. పడవకీ గట్టుకీ మధ్య నీళ్ళు కనబడ్డాయి.

గట్టు మీద ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. నడుముకి ఏప్రన్, చేతిలో ఏమీ లేదు.

"ఆగమ్మా! పడతావు!" అని పడవవాడు కేకేశాడు.

లూచె ఆగలేదు. దూకింది. ఒక కాలు పడవ అంచు మీద, ఒక కాలు గాలిలో. కూలివాళ్ళలో ఒకడు ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగాడు.

"నీకు మతిపోయిందా!" వింక లేచి అరిచింది. "ముప్ఫై నాలుగు మంది బల్లల ముందు కూర్చునుంటారు. దిగు!"

"ఎక్కడ దిగను? నీళ్ళల్లోనా?"

"మీ నాన్న ఒక్కడే..."

"తెలుసు." లూచె వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఊపిరి అందడం లేదు. "నువ్వు దిగిపోతే ఆ ఓడలో నాకెవరున్నారు? నాన్నకి రూజ ఉంది."

"ఆయన నీ తండ్రే."

"నువ్వెవరివి మరి?"

పన్నెండేళ్ళలో ఎన్నో కాగితాల మీద వింకకి ఆ గడి ఎదురైంది. బడిలో, ఆసుపత్రిలో, పాస్‌పోర్టు ఆఫీసులో 'పిల్లకి ఏమవుతారు' అంటే 'పిన్ని' అని రాసి సంతకం పెట్టింది. ఇప్పుడు ఆ ఒక్క మాటా నోట రాలేదు. వింక లూచె చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

పడవ మలుపు తిరిగింది. సాయంత్రపు ఎండ పడి కోర్చుల గోడలు తేనెరంగులో ఉన్నాయి. గట్టున తమ ఓడ కనబడుతోంది. వెనక డెక్ మీద బల్లల చుట్టూ అతిథులు చేతి రుమాళ్ళు ఒళ్ళో పరుచుకుని కూర్చున్నారు.

వాళ్ళ మధ్య నుంచి ఫ్రానె వచ్చి వెనక కమ్మీ దగ్గర నిలబడ్డాడు. వంటగదిలోకి వెళ్ళి చూసి వచ్చినట్టున్నాడు, చేతిలో ఇంకా గిన్నె మూత ఉంది. అటూ ఇటూ చూశాడు. చూసి చూసి పడవని పోల్చుకున్నాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టి ఒక్క పేరు పిలిచాడు.

గాలి ఎదురుగా ఉంది. కేక వినబడింది గానీ పేరు వినబడలేదు.

"ఎవర్ని పిలుస్తున్నాడు?" అంది కూరల బుట్ట ముసలమ్మ.

లూచె పిన్ని మొహంలోకి చూసింది. వింక ఒడ్డు వైపే చూస్తోంది.

ఫ్రానె రెండోసారి పిలిచాడు.